సర్కారు సొమ్ముతో సినిమా: డబ్బు ఏ మెట్టు దగ్గర చేతికొస్తోంది?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది గానీ అందులో మూడున్నాయి. ప్రభుత్వం డబ్బిస్తే ఒక దేశపు సినిమా బాగుపడుతుందా, బద్ధకిస్తుందా? ఫ్రాన్స్‌లో ఇన్నేళ్లుగా నడుస్తున్నది మిగతాచోట్ల ఎందుకు తడబడింది? బయటి స్టూడియోలను రాయితీలిచ్చి రప్పించుకోవడం కూడా సొంత సినిమాకు సాయం చేసినట్టేనా?

నేను ఇరవై ఏళ్లకు పైగా సినిమాల లెక్కలు చూస్తున్నాను. అందులో ఎక్కువ భాగం రెండు మూడు దేశాల నిర్మాతలు కలిసి తీసినవే. దరఖాస్తులు నింపడం, వోచర్లు సర్దడం, చివరి వాయిదా ఎప్పుడు పడుతుందా అని బ్యాంకు ఖాతా చూసుకుంటూ కూర్చోవడం, ఇదీ నా ఉద్యోగం. అందుకని సిద్ధాంతాల జోలికి పోకుండా వోచర్ల వైపు నుంచే చెబుతాను.

‘ప్రభుత్వ సాయం’ అని అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, అది చేతికొచ్చే మెట్లు వేరు. స్క్రిప్ట్ చదివి, నచ్చితే షూటింగ్‌కి ముందే ఇచ్చేది ఒకటి. ఖర్చు పెట్టాక బిల్లులు చూసి కొంత వెనక్కిచ్చేది ఇంకొకటి. సినిమా విడుదలయ్యాక, ఎన్ని టికెట్లు తెగాయో లెక్కగట్టి ఇచ్చేది మూడోది. ఇవేవీ కాకుండా, బాగా సంపాదించేవాళ్లకు పన్ను తగ్గిస్తామని చెప్పి వాళ్లచేత సినిమాల్లో పెట్టుబడి పెట్టించేది నాలుగోది. ఎంత ఇస్తున్నారన్నది నేను తర్వాత చూస్తాను. ముందు ఏ మెట్టు దగ్గర ఇస్తున్నారో చూస్తాను. నిర్మాత కళ్లు ఎప్పుడూ ఆ మెట్టు మీదే ఉంటాయి, సినిమా కూడా అక్కడికే నడుస్తుంది.

నాలుగోదాని సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అందులో వినోదం ఎక్కువ. కెనడాలో 1970ల మధ్యలో ఒక పన్ను నిబంధన వచ్చింది. సినిమాలో పెట్టిన సొమ్ము మొత్తాన్ని, నూటికి నూరు శాతం, పన్ను కట్టాల్సిన ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చినవాడైనా లేస్తాడని సామెత. అంతకుముందు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సినిమాలు వచ్చే దేశంలో 1979 నాటికి 60కి పైగా మొదలయ్యాయి. పెట్టుబడిదారుల్లో డాక్టర్లు, పళ్ల డాక్టర్లు, లాయర్లు. వాళ్లకు లాభం వచ్చేది సినిమా ఆడినందుకు కాదు, డబ్బు ఖర్చయినందుకు. కాబట్టి ఖర్చయితే చాలు. చాలా సినిమాలు థియేటర్ మొహం చూడకుండా డబ్బాల్లోనే ఉండిపోయాయి. ఇంకా విచిత్రం, అమెరికాలో అమ్ముకోవచ్చన్న ఆశతో కెనడా వీధుల్ని అమెరికా నగరాలుగా చూపించేవారు. కెనడా ఖజానా డబ్బుతో తీసిన సినిమాలో కెనడా కనపడకూడదన్నమాట. అందులోంచీ డేవిడ్ క్రోనెన్‌బర్గ్ లాంటి పేరున్న దర్శకుడు ఎదిగాడు, అది వేరే విషయం. వరదొచ్చినప్పుడు చేపలు కూడా వస్తాయి.

ఆస్ట్రేలియాది దీనికి తమ్ముడి కథ. 1981లో 10బీఏ అనే పన్ను సెక్షన్ తెచ్చారు. వంద పెడితే నూటయాభైకి మినహాయింపు, పైగా వచ్చిన రాబడిలో పెట్టుబడిలో సగం మేరకు పన్ను లేదు. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, మొదట్లో సినిమా అదే ఆర్థిక సంవత్సరంలో పూర్తవాలన్నారు. అక్కడ ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. ఇక చూడండి: దేశంలోని సినిమాలన్నీ ఒకేసారి షూటింగ్‌కి దిగడం, కెమెరామెన్లు, లైట్‌బాయ్‌లు, ఎడిటింగ్ గదులు అన్నింటికీ ఒకే నెలల్లో గిరాకీ, రేట్లు ఆకాశానికి. మిగతా నెలల్లో అదే మనుషులు ఖాళీ. స్క్రిప్ట్‌కు ఇంకో రెండు నెలలు పట్టేలా ఉంది అని దర్శకుడు అంటే, క్యాలెండర్ ఒప్పుకోదు. తర్వాత ఆ 150ని 133కీ, 120కీ తగ్గించుకుంటూ వచ్చి, 1988లో నేరుగా పెట్టుబడి పెట్టే ప్రభుత్వ ఫైనాన్స్ కార్పొరేషన్‌కి మారారు. పన్ను చట్టంలోని ఒక తేదీ ఒక దేశంలో సినిమా ఏ ఋతువులో తీయాలో నిర్ణయించింది. సినిమా చరిత్ర పుస్తకాల్లో ఇలాంటివాటికి ఒక పేరా దక్కితే గొప్ప.

పన్ను మినహాయింపు చూపి డబ్బు పోగుచేసిన జర్మనీ సినిమా నిధులైతే మరీ దారుణం. 2005లో ఆపేదాకా అక్కడి పెట్టుబడిదారుల డబ్బు చట్టబద్ధంగా హాలీవుడ్ సినిమాల్లోకి పారింది, ఎందుకంటే సినిమా జర్మనీలో తీయాలన్న షరతే లేదు. దానికి హాలీవుడ్‌లో ‘తెలివితక్కువ జర్మన్ డబ్బు’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఇప్పుడు టికెట్లు తెగాక ఇచ్చే మెట్టుకు వద్దాం. అసలు సంగతి ఇక్కడుంది. మీరు ఫ్రాన్స్ గురించి అడిగారు కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధం అయిపోగానే అప్పుల్లో మునిగిన ఫ్రాన్స్ 1946లో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. అందులో భాగంగా అమెరికన్ సినిమాలకు తలుపులు బార్లా తెరవాల్సి వచ్చింది. సినిమావాళ్లు వీధికెక్కారు. అదే ఏడాది సీఎన్‌సీ అనే జాతీయ సినిమా కేంద్రం పెట్టారు, 1948లో సాయం చట్టం తెచ్చారు. పేరుకు అది తాత్కాలిక చట్టం. ఆ తాత్కాలికం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

దాని కిటుకు ఇది. ప్రతి టికెట్ మీద సెస్సు వసూలు చేస్తారు, ఇప్పుడది 10.72 శాతం. ఏ దేశపు సినిమా అయినా సరే కట్టాల్సిందే. హాలీవుడ్ సినిమా హౌస్‌ఫుల్ అయితే ఆ డబ్బూ ఇదే కుండలో పడుతుంది. కానీ కుండలోంచి నిర్మాతలు తోడుకోవాలంటే మాత్రం ఫ్రెంచ్ సినిమాగా గుర్తింపు ఉండాలి. మీ సినిమాకు ఎన్ని టికెట్లు తెగితే ఆ లెక్కన మీ పేరు మీద సీఎన్‌సీ ఖాతాలో సొమ్ము జమ అవుతుంది. జేబులో పడదు, ఖాతాలోనే ఉంటుంది. తర్వాతి ఫ్రెంచ్ సినిమా మొదలుపెట్టినప్పుడే అది కదులుతుంది. హిట్ కొట్టిన నిర్మాత ఆ డబ్బుతో ఇల్లు కొనుక్కోలేడు, ఇంకో సినిమా తీయాల్సిందే. థియేటర్ యజమానులకూ ఇలాగే ఖాతా ఉంటుంది, వాళ్లు దానితో కుర్చీలు మార్చుకుంటారు, తెరలు బాగుచేసుకుంటారు. సినిమా తీసేవాడికీ ఆడించేవాడికీ ఒకే కుండలోంచి పోయడం వల్ల ఇద్దరికీ టికెట్ తెగాలన్న ఆసక్తి ఉంటుంది. నా దృష్టిలో ఫ్రాన్స్ రహస్యం అంతా ఈ ఖాతాలోనే ఉంది. కళ పట్ల వాళ్లకున్న గౌరవం గురించి చాలామంది రాస్తారు, రాయనీయండి.

అది ఒక చెయ్యి. రెండో చెయ్యి 1959లో ఆంద్రే మాల్రో సాంస్కృతిక మంత్రిగా ఉన్నప్పుడు వచ్చింది: రాబడి మీద అడ్వాన్సు. కమిటీ స్క్రిప్ట్ చదువుతుంది, నచ్చితే వడ్డీ లేని అప్పు ఇస్తుంది, సినిమా సంపాదిస్తే తిరిగి కట్టాలి. చాలావరకు తిరిగి రాదు, అది అందరికీ తెలుసు. తొలి సినిమా దర్శకులకు విడిగా ఒక కమిటీ ఉంటుంది, కొత్తవాడు పేరున్నవాడితో పోటీ పడాల్సిన పని లేదు. న్యూవేవ్, అంటే 1950ల చివర్లో ఫ్రెంచ్ సినిమా తీరు మార్చిన కుర్ర దర్శకుల ధోరణి, దీనివల్లే పుట్టిందని కొందరంటారు గానీ తేదీలు కలవవు. వాళ్లలో ఒకడైన క్లాడ్ షాబ్రోల్ తొలి సినిమా భార్యకు వారసత్వంగా వచ్చిన డబ్బుతో తీశాడు, దానికి అంతకుముందే ఉన్న ‘నాణ్యత బహుమతి’ రావడంతో రెండోది తీయగలిగాడు. ఆ తరం వేరు పట్టింది అడ్వాన్సుతో గానీ, మొలకెత్తింది దానితో కాదు.

మూడోది టీవీ. 1984లో మొదలైన కెనాల్ ప్లస్ అనే పే టీవీ ఛానెల్‌కు సినిమాలు చూపించుకునే ప్రత్యేక వెసులుబాటు ఇచ్చి, బదులుగా ఫ్రెంచ్ సినిమాలను తీయకముందే కొనాలన్నారు. 2021లో అదే సూత్రం స్ట్రీమింగ్ కంపెనీలకు వర్తింపజేశారు: ఫ్రాన్స్‌లో వచ్చిన రాబడిలో కనీసం 20 శాతం యూరప్, ఫ్రెంచ్ నిర్మాణాల్లో పెట్టాలి. గమనించండి, ఇందులో ఏదీ నేరుగా ఖజానా నుంచి తీసి ఇచ్చినది కాదు. అందుకే బడ్జెట్ కోతలప్పుడు దాని మెడ మీద కత్తి అంత తొందరగా పడదు.

అంతా సజావుగా ఉందని కాదు. ‘ఫ్రెంచ్ సినిమా’ అంటే ఏది? 2004లో జాన్ పియర్ జ్యూనే తీసిన ‘ఎ వెరీ లాంగ్ ఎంగేజ్‌మెంట్’ కథ ఫ్రాన్స్‌ది, భాష ఫ్రెంచ్, తీసింది ఫ్రాన్స్‌లో, నటీనటులూ సిబ్బందీ దాదాపు అక్కడివాళ్లే. సీఎన్‌సీ గుర్తింపు ఇచ్చింది. ఇతర నిర్మాతల సంఘాలు కోర్టుకెక్కాయి. నిర్మాణ సంస్థ వెనక అమెరికన్ స్టూడియో వార్నర్ బ్రదర్స్ ఉందని, అది నిజానికి యూరప్ కంపెనీ కాదని కోర్టు ఆ గుర్తింపు కొట్టేసింది. కథ, భాష, మట్టి అన్నీ ఫ్రెంచే, చెక్‌బుక్ మాత్రం కాదు. డబ్బు విధానం దృష్టిలో సినిమా జాతీయత అంటే చివరికి వాటాదారుల జాబితాయే.

టికెట్ల లెక్కన ఇవ్వడమే మంచిదైతే అందరూ అదే చేయొచ్చుగా అంటారేమో. జర్మనీ చేసింది. 1962లో ఓబర్‌హౌజన్ పట్టణంలో 26 మంది కుర్ర సినిమావాళ్లు పాత సినిమా చచ్చిపోయిందని ప్రకటన ఇచ్చారు. 1965లో వాళ్లలాంటివాళ్ల తొలి సినిమాల కోసం ఒక సంస్థ పెట్టారు, మంచి సినిమాలే వచ్చాయి. ఇంతలో పాత నిర్మాతల ఒత్తిడితో 1967 చివర్లో కొత్త చట్టం వచ్చింది: ఒక సినిమా రెండేళ్లలో ఐదు లక్షల మార్కులు వసూలు చేస్తే, దాని నిర్మాతకు తర్వాతి సినిమాకు సాయం దానంతటదే వస్తుంది. ఎవరి అభిరుచీ అడ్డురాదు. ఫలితం? చవగ్గా తీసే స్కూలు కామెడీలు, పడకగది కామెడీలు కుప్పలుతెప్పలు. ఒకటి ఆడితే ఆ సాయంతో ఇంకోటి, అది ఆడితే మళ్లీ ఇంకోటి. కుర్రాళ్లు తొలి సినిమా తీసి, రెండోదానికి దారి లేక నిలబడిపోయారు. ఫాస్‌బిండర్, హెర్జోగ్, వెండర్స్ లాంటి దర్శకుల తరాన్ని నిలబెట్టింది చాలావరకు టీవీ డబ్బు. 1974లో సినిమాకూ టీవీకీ ఒప్పందం కుదిరాకే ఊపిరాడింది. అంటే ఫ్రాన్స్‌లో రెండు చేతులుండబట్టి బతికింది. ఒక్క చెయ్యే ఉంటే హిట్టు మీద హిట్టు తప్ప ఇంకేం మొలవదు.

బ్రిటన్ ఇంకో తప్పు చేసింది. 1950లో ఈడీ లెవీ (ఈడీ అన్నది ఒక అధికారి పేరు) పేరుతో టికెట్ మీద వసూలు మొదలుపెట్టి (1957లో చట్టబద్ధం చేశారు) బ్రిటిష్ సినిమాలకు వసూళ్ల లెక్కన పంచారు. బ్రిటిష్ సినిమా అంటే కంపెనీ అక్కడ రిజిస్టరై, జీతాల్లో ఎక్కువ భాగం అక్కడివాళ్లకు వెళ్లాలి, అంతే. అమెరికన్ స్టూడియోలు లండన్‌లో కంపెనీలు తెరిచాయి. జేమ్స్ బాండ్ సినిమాలు బాగా ఆడాయి కాబట్టి లెవీ కూడా బాగా తీసుకున్నాయి. ఎక్కువ ఆడినవాడికే ఎక్కువ. చిన్న సినిమాకు మిగిలింది చిల్లర. 1985లో ఎత్తేశారు.

డబ్బు కాకుండా కోటా పెడితే? అదీ చూశారు. 1927 చట్టం ప్రకారం బ్రిటన్‌లో డిస్ట్రిబ్యూటర్లు, థియేటర్లు ఇంత శాతం స్వదేశీ సినిమాలు తీసుకోవాలి. అమెరికన్ కంపెనీలు కోటా నింపడానికి అడుగు ఫిల్ముకు ఒక పౌండు లెక్కన సినిమాలు చుట్టేయించాయి. వాటికి ‘కోటా క్వికీలు’ అని పేరు. పొద్దున్నే థియేటర్ ఊడ్చేవాళ్ల ముందు ఆడించేసి లెక్క చూపేవారని చెబుతారు. 1938లో కనీస ఖర్చు షరతు పెట్టాల్సి వచ్చింది. దక్షిణ కొరియాలోనూ 1960లు, 70లలో స్వదేశీ సినిమా తీసినవాడికే విదేశీ సినిమా దిగుమతి చేసుకునే హక్కు ఇచ్చారు. లాభం దిగుమతిలో ఉంది, కాబట్టి స్వదేశీ సినిమా ఒక పర్మిట్ కాగితమైంది. పర్మిట్ కోసం తీసే సినిమా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

స్క్రిప్ట్ చూసి ముందే ఇచ్చే మెట్టు దగ్గర ఉండే ప్రమాదం వేరు. ఇక్కడ ఎవరో ఒకరు ‘ఇది బాగుంది, ఇది బాలేదు’ అనాలి. ఆ ఎవరో ఎవరన్నదే ప్రశ్న. ఇటలీలో ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూసిన ఆండ్రియోట్టి పేరుతో వచ్చిన 1949 నాటి చట్టం సాయంతోపాటు స్క్రిప్టుల మీద ప్రభుత్వానికి పట్టు ఇచ్చింది. పేదరికం చూపించి దేశం పరువు తీస్తున్నారని అదే ఆండ్రియోట్టి 1952లో దర్శకుడు విట్టోరియో డి సికాకు బహిరంగ లేఖ రాశాడు. దక్షిణ కొరియాలో అధ్యక్షురాలు పార్క్ గున్-హే ప్రభుత్వ కాలంలో వేలమంది కళాకారుల బ్లాక్‌లిస్టు నడిచింది, దర్శకులు బాంగ్ జూన్-హో, పార్క్ చాన్-వుక్ పేర్లు కూడా అందులో ఉన్నాయి. బయటపడ్డాక 2018లో అక్కడి ఫిల్మ్ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. నిషేధించాల్సిన పని లేదు, ఫైలు పక్కన పెడితే చాలు. తిరస్కరించిన ఉత్తరంలో కారణం ఎలాగూ రాయరు.

దీనికి నేను చూసినవాటిలో నయమైన విరుగుడు డెన్మార్క్‌ది. కమిటీ బదులు ఒక్క మనిషి, ‘ఫిల్మ్ కన్సల్టెంట్’, నిర్ణయిస్తాడు. పదవి కొన్నేళ్లే. ఒకరు కాదంటే ఇంకో కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లొచ్చు. వినడానికి నియంతృత్వంలా ఉంటుంది గానీ, కమిటీలో ఐదుగురికీ అభ్యంతరం లేని స్క్రిప్ట్ గెలుస్తుంది, ఒక్కరికి పిచ్చిగా నచ్చిన స్క్రిప్ట్ ఓడిపోతుంది. 1989లో అక్కడే ఇంకో కిటికీ తెరిచారు: సగం డబ్బు బయట తెచ్చుకుంటే మిగతా సగం సర్కారు కలుపుతుంది, కళ ప్రసక్తి లేదు. సాయంలో కనీసం పావువంతు పిల్లల సినిమాలకే వెళ్లాలని 1982 చట్టంలో రాసుకున్నారు. డెన్మార్క్ పిల్లల సినిమాలు ఎందుకంత బాగుంటాయని నన్ను అడిగినవాళ్లకు ఆ పావువంతు గురించే చెబుతాను.

భారత్‌లో 1951 నాటి పాటిల్ కమిటీ సిఫారసు మీద 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ పెట్టారు. 1969లో మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’కు అదే అప్పిచ్చింది, ఒక కొత్త ధోరణే మొదలైంది. కానీ తీయడానికి దొరికిన డబ్బు ఆడించడానికి దొరకలేదు. సినిమా ఉంది, థియేటర్ లేదు. 1980లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. ఫ్రాన్స్ థియేటర్ యజమానికి ఖాతా ఎందుకు తెరిచిందో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

ఇక నా సొంత అనుభవం ఒకటి. మూడు నిధులు కలిసిన సినిమాలో హీరోయిన్ తన ఫ్లాట్ మెట్లెక్కి తలుపు తీసుకుని లోపలికెళ్లే సీను ఉంది. మెట్లు ఒక ప్రాంతంలో తీశాం. లోపలి గది తీయడానికి నాలుగు వందల కిలోమీటర్లు వెళ్లాం, ఎందుకంటే అక్కడి ప్రాంతీయ నిధి ఇచ్చిన దానికి ఒకటిన్నర రెట్లు అక్కడే ఖర్చు చేయాలి. జర్మనీ రాష్ట్రాల నిధుల్లో ఇది మామూలు షరతు, ఇంకా చాలాచోట్ల ఉంది. రెండు తలుపులకూ ఒకే పిడి ఉండాలి కదా, ఆ గుండ్రటి ఇత్తడి పిడి ఊడదీసి, టవల్లో చుట్టి, నా బ్యాగులో పెట్టుకుని రైలెక్కాను. సెట్‌లో బిగించాక చూస్తే ఆ తలుపు మొదటిదానికి వ్యతిరేక దిక్కుకు తెరుచుకుంటుంది. దర్శకుడు షాట్ మార్చుకున్నాడు. తెర మీద ఎవరికీ తెలియదు. కానీ ఆ రెండు రోజుల ప్రయాణానికీ, హోటళ్లకీ అయిన డబ్బు నిధి ఇచ్చినదాంట్లో మంచి వాటానే తిన్నది. యూరప్ ఉమ్మడి సినిమాగా గుర్తింపు రావాలంటే నటులకు కూడా పాయింట్లుంటాయి: 1992 నాటి ఒప్పందం ప్రకారం 19కి 15 పాయింట్లు రావాల్సి ఉండేది. అందుకే ఒకే కుటుంబంలో తండ్రి ఒక యాసలో, కూతురు ఇంకో యాసలో మాట్లాడే సినిమాలు వచ్చాయి. వాటిని ‘యూరో పుడ్డింగ్’ అని వెక్కిరించేవారు.

మీ మొదటి ప్రశ్నకు, బద్ధకిస్తుందా అన్నదానికి, జవాబు ఈ లెక్కలో ఉంది. బడ్జెట్ వంద అనుకోండి. నిధి నుంచి 40, టీవీ ముందస్తు కొనుగోలు 20, డిస్ట్రిబ్యూటర్ 15, పన్ను రిబేటు 25. ఆ 25 ఆడిట్ అయ్యాక, అంటే సినిమా పూర్తయిన ఎన్నో నెలలకు వస్తుంది. షూటింగ్‌కి ఇప్పుడే కావాలి కాబట్టి బ్యాంకు దగ్గర దాన్ని తాకట్టు పెడతాం, వడ్డీ, ఫీజులు పోను చేతికొచ్చేది ఏ 21, 22. నిర్మాత సంపాదన ఎక్కడుంది? వందలోనే, నిర్మాణ ఫీజు కింద రాసుకున్న భాగంలో. సినిమా ఆడితే వచ్చేది ముందు డిస్ట్రిబ్యూటర్‌కి, తర్వాత ఇంకెవరికో పోయి, అతనిదాకా రావడం అరుదు. అలాంటప్పుడు ఈ సినిమాను జనంలోకి తీసుకెళ్లడం మీద తిరగడం కన్నా, తర్వాతి సినిమా దరఖాస్తు రాయడం అతనికి లాభం. అది బద్ధకం కాదు, కూడికలు తీసివేతలు. విడుదలకు విడిగా డబ్బు కేటాయించని నిధులన్నీ ఇదే నేర్పుతాయి.

సాయం పూర్తిగా ఆపేస్తే నిర్మాతలు గట్టిపడతారని వాదించేవాళ్లు బ్రెజిల్‌ను చూడాలి. 1969 నుంచి ఉన్న ప్రభుత్వ సినిమా సంస్థ ఎంబ్రాఫిల్మేను 1990లో కొత్త అధ్యక్షుడు కోలోర్ ఒక్క దెబ్బతో మూసేశాడు. రెండేళ్లు తిరిగేసరికి అంత పెద్ద దేశంలో ఏడాదికి విడుదలైన స్వదేశీ సినిమాలు రెండో మూడో. 1993లో కంపెనీల పన్ను మినహాయింపుతో చట్టం తెచ్చాక మళ్లీ కదలిక వచ్చింది. అయితే ఇప్పుడు స్క్రిప్టులు చదివేది కంపెనీల మార్కెటింగ్ విభాగాలు. సర్కారు గుమాస్తా పోయి సబ్బుల కంపెనీ మేనేజర్ వచ్చాడన్నమాట. ఎవరు మేలో నేను చెప్పను, ఇద్దరితోనూ పనిచేశాను.

చివరి ప్రశ్న, బయటి స్టూడియోలకు రిబేట్లు. బిల్లులు చూసి వెనక్కిచ్చే ఈ పద్ధతిలో కమిటీ ఉండదు, టెన్షన్ తక్కువ, ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. అందుకే దేశాలు ఒకదాన్ని చూసి ఒకటి పెంచుకుంటూ పోయాయి. 2010లో ‘హాబిట్’ సినిమాలు వేరే దేశానికి వెళ్లిపోతాయన్న భయంతో న్యూజిలాండ్ రాయితీ పెంచడమే కాదు, సినిమా కార్మికుల ఉద్యోగ చట్టాన్నే హడావిడిగా సవరించింది. పనులొస్తాయి, స్టూడియోలు కడతారు, పనివాళ్లు ఆరితేరతారు, అదంతా నిజమే. కానీ ఆరితేరినవాళ్ల రేటు కూడా స్టూడియో రేటే అవుతుంది. 2007 నుంచి రిబేటు ఇస్తున్న బ్రిటన్‌లో ఫ్లోర్లు కిటకిటలాడాయి, చిన్న సినిమాలకు మాత్రం లెక్క కుదరలేదు. చివరికి 2024 ఏప్రిల్ తర్వాత షూటింగ్ మొదలుపెట్టే చిన్న సినిమాలకు, ఒకటిన్నర కోట్ల పౌండ్ల ఖర్చు దాకా, విడిగా 53 శాతం క్రెడిట్ పెట్టాల్సి వచ్చింది. రచయితో దర్శకుడో బ్రిటిష్ అయి ఉండాలి, లేదా అధికారిక ఉమ్మడి నిర్మాణం అయి ఉండాలి. పెద్దవాళ్ల కోసం వేసిన రోడ్డు మీద చిన్నవాళ్లు నడవలేక, పక్కన కాలిబాట వేసినట్టు.

నేను లెక్కలు చూసిన ఓ చిన్న సినిమాకు షూటింగ్ పదిరోజులుందనగా గ్యాఫర్ (లైట్ల పెద్ద), ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఫోకస్ పుల్లర్ (కెమెరా ఫోకస్ చూసేవాడు) ఒకే వారంలో చెప్పి వెళ్లిపోయారు. పక్కనే ఒక స్ట్రీమింగ్ సిరీస్ దిగింది, అదీ మాకిచ్చిన రిబేటు మీదే వచ్చింది. తప్పు పట్టలేను, రెట్టింపు ఇస్తున్నారు. మేం మూడు వారాలు వాయిదా వేసుకున్నాం. నిధి ఒప్పందంలో పూర్తి చేయాల్సిన తేదీ ఉంది కాబట్టి గడువు పెంచమని దరఖాస్తు పెట్టాను. అనుమతి ఉత్తరం వచ్చేసరికి మేం డబ్బింగ్ కూడా ముగించి, ఆడిటర్‌కి వోచర్లు కట్టలు కట్టి పంపేశాం.